మూసీ వంతెన, ఇర్పిన్ వంతెన: నడుస్తున్న యుద్ధాన్ని చదవడం

1948 సెప్టెంబరు 15న, నిజాం హైదరాబాదు మీద భారత సైనిక చర్య మొదలైన మూడో రోజున, సూర్యాపేట చేజారింది. వెనక్కి తగ్గుతూ హైదరాబాదు సంస్థాన సైన్యం మూసీ మీది వంతెనను పేల్చేసింది. విజయవాడ నుంచి హైదరాబాదుకు పోయే దారిలో, సూర్యాపేటకూ నకిరేకల్‌కూ నడుమ ఆ ఏరు దాటక తప్పదు. పైగా వానాకాలం. సాయుధ కార్లు, లారీలు, ఫిరంగి బండ్లు అన్నీ ఆ ఒక్క రోడ్డు పట్టుకునే రావాలి. వంతెన కూలిందన్న కబురు ఒక్కటే చెవిన పడ్డవాళ్లెవరైనా, భారత సైన్యం అక్కడ కొన్నాళ్లు ఆగిపోతుందనే లెక్క వేసుకుంటారు.

ఆగలేదు. వంతెనను కూల్చినవాళ్లు దాన్ని కాచుకుని కూర్చోలేదు. మరమ్మతుకు దిగినవాళ్ల మీద కాల్పులు జరిపేందుకు అవతలి గట్టున ఎవరినీ నిలపలేదు. సైన్యం వెంట వచ్చిన ఇంజనీర్లు తొందరగానే దారి సరిచేశారు. నార్కట్‌పల్లి దగ్గర అడ్డుపడిన, నిజాం పక్షాన పోరాడే రజాకార్ల దళం నిలవలేకపోయింది. 17వ తేదీకి తూర్పు నుంచి వచ్చిన సైన్యం చిట్యాలలో ఉంది. ఆ సాయంత్రమే నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు.

ఇదే వార్త 2022 ఫిబ్రవరి చివర్లో ఉక్రెయిన్ నుంచి వచ్చింది. ఫిబ్రవరి 24న రష్యా సైన్యం దేశంలోకి దిగింది. రాజధాని కీవ్‌కు పడమర ఇర్పిన్ అనే చిన్న నది ఉంది. ఉక్రెయిన్ సైనికులు దాని మీది వంతెనలు పేల్చేశారు. దెమిదివ్ అనే ఊరి దగ్గర ఆనకట్ట తెంచి పొలాలను, ఇళ్లను సైతం నీట ముంచారు. అంతటితో ఊరుకోలేదు. రష్యన్లు ఎక్కడెక్కడ దాటే వీలుందో ఆ రేవులన్నింటి మీదా ఫిరంగులు గురిపెట్టి ఉంచారు. రష్యా దండు ఆ నది దగ్గరే నెల రోజులు కొట్టుమిట్టాడి, మార్చి ఆఖరుకు వెనుదిరిగింది.

వార్త ఒకటే, ఫలితం తలకిందులు. వంతెన కూలిందని వినగానే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: కూలినచోట కాపలా ఎవరున్నారు? ఇది టీవీలో రాదు. రెండు మూడు రోజులు ఆగి, దండు ఎక్కడ కనబడుతోందో చూస్తేనే జవాబు తెలుస్తుంది. జరుగుతున్న దాడిని దూరం నుంచి గమనించేవాళ్లకు అలవడాల్సిన మొదటి గుణం ఆ రెండు మూడు రోజుల ఓపికే.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. హైదరాబాదు మీద భారత సైనిక చర్య, ఉక్రెయిన్ మీద రష్యా దాడి న్యాయంలో, చట్టంలో, ప్రజల కోరికలో ఒకే తూకానికి వచ్చేవి కావు. సంస్థానంలో అత్యధికులు యూనియన్‌లో కలవాలని కోరుకున్నారు. ఉక్రెయిన్ ప్రజలు ఎదురుతిరిగారు. ఇక్కడ రెంటినీ పక్కపక్కన పెట్టింది వార్తలు చదివే పద్ధతి కోసం. నల్లగొండ జిల్లా మనుషులకు ఒక దండయాత్ర దారి కళ్లెదుటే ఉంది. కోదాడ, మునగాల, సూర్యాపేట, నకిరేకల్, నార్కట్‌పల్లి, చిట్యాల అంటూ రోజూ బస్సులో దాటే ఊళ్లవి. అక్కడ జరిగింది తెలిస్తే, పేర్లు నోరు తిరగని దేశంలో జరిగేది కూడా కొంత పట్టుబడుతుంది.

అంచనాలు ఎందుకు తప్పాయి

1948లో ఢిల్లీ వేసుకున్న అంచనా గరిష్ఠంగా మూడు వారాలు. సెప్టెంబరు 13 తెల్లవారుజామున మొదలైన చర్య ఐదో రోజుకు ముగిసింది. 2022లో పాశ్చాత్య దేశాల నిఘా వర్గాలు కీవ్ కొన్ని రోజుల్లోనే పడిపోవచ్చని అనుకున్నాయి. కీవ్ పడలేదు, యుద్ధం ఏళ్లకు ఏళ్లు సాగింది. బెలారస్ సరిహద్దు నుంచి కీవ్‌కు ఉన్న దూరం విజయవాడ నుంచి హైదరాబాదుకు ఉన్న దూరం కంటే తక్కువ. దూరాన్నీ ట్యాంకుల సంఖ్యనూ పట్టుకుని లెక్కగడితే రెండు యుద్ధాల్లోనూ తప్పే వస్తుంది.

హైదరాబాదు వైపు కాగితం మీద బలం తక్కువేం కాదు. మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్ కింద ఇరవై వేలకు పైబడిన సైన్యం ఉంది. అందులో పూర్తి శిక్షణ, ఆయుధాలు ఉన్నవాళ్లు ఆరు వేల దాకా మాత్రమే. దాని పక్కన రెండు లక్షల మంది ఉన్నారని చెప్పుకున్న రజాకార్లు. వాళ్లలో చాలామంది చేతుల్లో ఉన్నవి బరిసెలు, కత్తులు, మందు కూరే పాత తుపాకులు. ఆకాశంలో భారత విమానాలకు ఎదురే లేదు. బయటి దేశమేదీ సైన్యం పంపే స్థితిలో లేదు. అన్నిటికీ మించి, ఆ సైన్యం ఎవరి పేరున పోరాడాలో ఆ ప్రజలే దాని వెనక లేరు. నల్లగొండ, వరంగల్ పల్లెల్లో అప్పటికి రెండేళ్లుగా జనం నిజాం పోలీసుల మీద, దొరల మీద తిరగబడి ఉన్నారు. సూర్యాపేటకు ఐదారు కిలోమీటర్ల ఇవతల హైదరాబాదు సైనికులు ట్యాంకులు దాటకుండా కందకం తవ్వారు, గుట్టల మీద మాటు వేసి గట్టిగానే కాల్చారు. బర్మా యుద్ధంలో ఆరితేరిన భారత గూర్ఖా బెటాలియన్ ఆ గుట్టలెక్కి వాళ్లను చెదరగొట్టాక, వెనక ఇంకో వరుస లేకపోయింది.

ఉక్రెయిన్‌లో కనిపించింది దీనికి పూర్తిగా విరుద్ధం. మొదటి వరుస చెదిరినచోట రెండోది తయారుగా ఉంది. సొంత ఊళ్ల మనుషులు సైన్యానికి కళ్లూ చెవులూ అయ్యారు. పోలండ్ సరిహద్దు తెరిచి ఉండటంతో ఆయుధాలు లోపలికి వస్తూనే ఉన్నాయి. కీవ్‌కు ఉత్తరాన 64 కిలోమీటర్ల పొడవున బారులు తీరిన రష్యా వాహనాల ఉపగ్రహ చిత్రాలు మార్చి మొదట్లో ప్రపంచమంతా చూసింది. చిట్యాల నుంచి హైదరాబాదు పొలిమేర దాకా రోడ్డంతా లారీలే నిలబడి ఉన్నంత వరుస అది. ఆ బొమ్మ చూసి చాలామంది కీవ్ పని అయిపోయిందన్నారు. కదలకుండా నిలబడ్డ 64 కిలోమీటర్ల బారు నిజానికి చెప్పింది వేరు: డీజిల్ అందడం లేదు, రోడ్డు దిగితే బురద, ముందు వంతెనల్లేవు. బలాన్ని చూపిస్తున్నట్టున్న ఫొటోయే బలహీనతకు సాక్ష్యమైంది.

మ్యాపులో రంగులు

యుద్ధం మొదలైన దగ్గర్నుంచి మ్యాపులు చూడటం చాలామందికి రోజువారీ అలవాటైంది. రష్యాకు ఎరుపు ఒకవైపు, ఉక్రెయిన్‌కు నీలం ఒకవైపు, నడుమ గీతలు గీతలుగా కొంత మేర. ఎరుపు ఒక అంగుళం జరిగితే టెన్షన్, నీలం జరిగితే ఊరట. ఆ రంగులు నిజంగా ఏం చెబుతాయి?

కొలత నుంచి మొదలుపెడదాం. ఉక్రెయిన్‌లో రష్యా ఆక్రమించుకున్న భాగం ఆ దేశంలో దాదాపు ఐదో వంతు. మొత్తం తెలంగాణ రాష్ట్రమంత నేల అది. అందులో క్రిమియా, తూర్పున దొన్బాస్‌లో కొంత 2014 నుంచే రష్యా చేతిలో ఉన్నాయి. 2024 అంతా రష్యా ముందుకు జరుగుతోందనే వార్తలే వచ్చాయి. ఆ ఏడాది మొత్తం మీద గెలుచుకున్నది సుమారు 4 వేల చదరపు కిలోమీటర్లు. ఇప్పటి నల్లగొండ జిల్లా విస్తీర్ణం 7 వేల చదరపు కిలోమీటర్లకు పైనే. అంటే వేల ప్రాణాలు పోగొట్టుకుని ఒక ఏడాది పాటు చేసిన దాడిలో జిల్లాలో సగానికి కొంచెం ఎక్కువ. బఖ్ముత్ అనే పట్నం కోసం దాదాపు పది నెలలు కొట్టుకున్నారు. యుద్ధానికి ముందు అక్కడి జనాభా డెబ్బై వేల చిల్లర, సూర్యాపేట కంటే చిన్న ఊరు. ఈ కొలతలు మనసులో ఉంటే బ్రేకింగ్ న్యూస్‌లో 'దూసుకెళ్తున్న సేనలు' అని వచ్చినప్పుడు దాన్ని ఎంతవరకు పట్టించుకోవాలో తెలుస్తుంది.

రెండోది, రంగు అంటే పెత్తనం కాదు. 1948 సెప్టెంబరు 12న ఎవరైనా నల్లగొండ జిల్లా మ్యాపు గీసి ఉంటే మొత్తం నిజాం రంగే వేసేవారు. అందులో మునగాల పరగణా మాత్రం నిజాం నేల నడుమ ఉన్నా కృష్ణా జిల్లాలో భాగం, అంటే యూనియన్ భూమి. మిగతా జిల్లాలో పగటిపూట రోడ్ల మీద నిజాం పోలీసులు, రజాకార్ల లారీలు. చీకటి పడితే ఎన్నో పల్లెల్లో సంగం (కమ్యూనిస్టులు నడిపిన ఆంధ్రమహాసభ) మాటే చెల్లేది. దళాలు తిరిగేవి, భూములు పంచేవారు, పంచాయతీలు చెప్పేవారు. ఆ పెత్తనాన్ని తిరిగి పట్టుకోవడానికే రజాకార్ల దాడులు. అప్పట్లో నల్లగొండ జిల్లాలోని జనగామ తాలూకాలో ఉన్న బైరాన్‌పల్లిలో ఆగస్టు 27న సుమారు వంద మందిని ఒకే రోజున చంపారు. ఏ రంగు వేస్తే ఈ పరిస్థితి అర్థమవుతుంది?

ఉక్రెయిన్ మ్యాపుల్లోనూ ఇదే చిక్కు. 2022 మార్చిలో దేశం ఉత్తరాన పెద్ద పెద్ద ప్రాంతాలకు ఎరుపు పూశారు. నిజానికి రష్యా చేతిలో ఉన్నవి ఆ రోడ్లు, కూడళ్లు. వాటి మధ్య చాలా ఊళ్లలో రష్యా సైనికుడి జాడ లేదు. అందుకే ఏప్రిల్ మొదట్లో ఆ ఎరుపంతా ఒక్కసారిగా మాయమైంది. తర్వాతి ఏళ్లలో డ్రోన్లు పెరిగాక పరిస్థితి ఇంకో రకంగా మారింది. రెండు సైన్యాల నడుమ కొన్ని కిలోమీటర్ల మేర ఎవరు తలెత్తినా ప్రాణం పోయే నేల ఏర్పడింది. అక్కడ గీత గీయడం మ్యాపు గీసేవాళ్ల ఊహే.

మ్యాపు మీద గీత కదలకపోయినా దిశ ముందే చెప్పే సంగతులుంటాయి. దక్షిణాన ఖెర్సోన్ నగరం ద్నీప్రో నదికి కుడి గట్టున ఉంది. అక్కడి రష్యా సైన్యానికి తిండీ గుండ్లూ అందాలంటే ముఖ్యంగా ఆంతోనివ్‌కా వంతెన మీదుగా రావాలి. 2022 జులైలో ఉక్రెయిన్ దూరం నుంచి కొట్టే రాకెట్లతో ఆ వంతెనకు చిల్లులు పెట్టడం మొదలుపెట్టింది. రెండు నెలలకు పైగా ఆ వైపు మ్యాపులో పెద్ద మార్పేమీ లేదు. నవంబరు 11 నాటికి రష్యా ఆ నగరాన్ని ఖాళీ చేసింది. జులైలోనే ఆ వంతెన సంగతి గమనించినవాళ్లకు తేదీ తెలియకపోయినా దారి తెలిసింది.

ఎవరి మాట ఎంతవరకు

1948లో ఊరికి ఒక రేడియో ఉంటే గొప్ప. అటు ఆలిండియా రేడియో, ఇటు హైదరాబాదు దక్కన్ రేడియో. ఎర్రకోట మీద అసఫ్‌జాహీ జెండా ఎగరేస్తామని రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీ అంతకు ముందు నెలల తరబడి చేసిన ప్రసంగాలు వినీ వినీ భయపడ్డవాళ్లూ ఉన్నారు, ధీమా తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. రెండింటికీ ఆధారం ఒకే గొంతు. ఆ గొంతుకు నిర్ణయాధికారం ఎంతుందో, ఎల్ ఎద్రూస్ సైనికంగా ఏమనుకుంటున్నాడో, ప్రధాని లాయక్ అలీ ఏం ఆశిస్తున్నాడో, నిజాం మనసులో ఏముందో వేరువేరు ప్రశ్నలు. చివరికి సెప్టెంబరు 17న లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది, నిజాం రేడియోలో మాట్లాడాడు. మర్నాడు ఎల్ ఎద్రూస్ భారత సైన్యపు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. రజ్వీని అరెస్టు చేశారు. బిగ్గరగా వినిపించినవాడి చేతిలో ముగింపు లేదు.

సైన్యం పక్కన సొంత నాయకుడు, సొంత ప్రచారం ఉన్న ఇంకో సాయుధ దళం ఉన్నచోట ఎప్పుడూ ఈ జాగ్రత్త కావాలి. రష్యా తరఫున బఖ్ముత్‌లో పోరాడిన వాగ్నర్ అనే ప్రైవేటు దళం అధిపతి ప్రిగోజిన్ రోజూ వీడియోలు పెట్టేవాడు. రష్యా రక్షణ శాఖను బాహాటంగా తిట్టేవాడు. యుద్ధం తీరు తెలుసుకోవడానికి ఆ తిట్లు పనికొచ్చాయి, ఎందుకంటే గుండ్లు అందడం లేదని సొంత పక్షంవాడే చెబుతున్నాడు. కానీ అతని మాటే రష్యా మాట అనుకున్నవాళ్లు పొరబడ్డారు. 2023 జూన్ 24న తిరుగుబాటు చేసి మాస్కో వైపు కదిలిన దళం ఒక్క రోజులో ఆగిపోయింది. రెండు నెలలకు, ఆగస్టు 23న, విమానం కూలి అతను చనిపోయాడు.

తనకు నష్టం కలిగే మాటను ఏ పక్షమైనా ఒప్పుకుంటే దానికి విలువ ఎక్కువ. 2022 ఏప్రిల్ 14న నల్ల సముద్రంలో రష్యా యుద్ధనౌక మస్క్వా మునిగిపోయింది. తమ క్షిపణులు కొట్టాయని ఉక్రెయిన్ అంది. మంటలంటుకుని గుండ్లు పేలాయని, లాక్కొస్తుండగా తుపానులో మునిగిందని రష్యా అంది. ఎవరి కథ నమ్మినా, నౌక పోయిందన్నది ఇద్దరూ ఒప్పుకున్న సంగతి. ఆ రోజుకు అదే చాలు. దాని వెనక, ఒడ్డుకు దగ్గరగా రష్యా నౌకలు ఇక తిరగలేవన్న పెద్ద సంగతి కొన్ని వారాల్లో బయటపడింది.

మనం ఇష్టపడే పక్షం నుంచి వచ్చే కథలతోనే ఎక్కువ ప్రమాదం. 'కీవ్ దయ్యం' అనే ఒంటరి పైలట్ ఒక్క రోజులోనే ఆరు రష్యా విమానాలను కూల్చాడని మొదటి వారంలో వాట్సాప్ గ్రూపులన్నీ హోరెత్తాయి. తిరిగిన వీడియోల్లో వీడియోగేమ్‌వి కూడా ఉన్నాయి. ఆ పైలట్ ఒక వీరగాథేనని, నిజంగా అలాంటి మనిషి ఒకడు లేడని ఉక్రెయిన్ వైమానిక దళమే ఏప్రిల్ ఆఖరులో చెప్పింది. ఒక వీడియో వచ్చినప్పుడు వెనక కనిపించే నీళ్ల ట్యాంకు, చర్చి గోపురం, రోడ్డు మలుపు ఉపగ్రహ చిత్రంతో సరిచూసి అది ఏ ఊరో తేల్చేవాళ్లు ఇప్పుడు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్లు తేల్చేందుకు గంటలో రోజులో పడుతుంది. ఆ లోపల పంచుకున్న వీడియో మాత్రం వెనక్కి రాదు.

ఢిల్లీ, పారిస్, వాషింగ్టన్

1948 సెప్టెంబరు 11న జిన్నా చనిపోయాడు. 13న భారత సైన్యం కదిలింది. ఈ రెండు తేదీలనూ కలిపి ఒకదానికి ఇంకోటి కారణమని చెప్పే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. సరిహద్దుకు ట్యాంకులు, గుండ్లు, డీజిల్, ఆసుపత్రులు చేర్చడం రెండు రోజుల పని కాదు. షోలాపూర్ వైపు నుంచీ విజయవాడ వైపు నుంచీ రెండు ప్రధాన దారుల్లో పోవాలన్న ప్రణాళిక నెలల ముందే తయారైంది. దానికి రూపం ఇచ్చిన జనరల్ గొడార్డ్ పేరునే దాన్ని పిలిచేవారు. ఉక్రెయిన్ విషయంలోనూ అంతే. సరిహద్దున రష్యా సైన్యం చేరడం 2021 నుంచే ఉపగ్రహ చిత్రాల్లో కనిపిస్తోంది. ఏ ప్రసంగం తర్వాత దాడి మొదలైందో చూడటం కంటే గాయపడ్డవాళ్లకు రక్తం నిల్వలు, తాత్కాలిక ఆసుపత్రులు ఎప్పుడు వచ్చాయో చూసినవాళ్లే సరిగ్గా అంచనా కట్టారు.

అయితే రాజకీయ గడియారం సైన్యాన్ని తొందరపెట్టగలదు, ఆపగలదు కూడా. హైదరాబాదు ఫిర్యాదు మీద ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి సెప్టెంబరు 16న పారిస్‌లో కూర్చుంది. మళ్లీ 20న కలుద్దామని వాయిదా వేసింది. 17న అంతా అయిపోయింది. ఆ తర్వాత కొద్ది రోజులకే నిజాం ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. ఐదు రోజుల్లో ముగియకుండా మూడు వారాలు లాగి ఉంటే పారిస్ చర్చకు ఎంతో కొంత బరువు వచ్చేది. 2022లో రష్యాకు ఆ తొందర లేదు, ఎందుకంటే మండలిలో దానికి వీటో ఉంది. ఫిబ్రవరి 25న తీర్మానాన్ని అదే ఆపేసింది. ఆ ఓటింగ్‌లో భారత్ తటస్థంగా ఉంది. మార్చి 2న సర్వసభ్య సభలో 141 దేశాలు రష్యాను తప్పుపట్టినా, భారత్‌తో సహా 35 దేశాలు తటస్థంగా ఉన్నాయి. అది పోరు నడుస్తున్న నేలను అంగుళం కూడా కదిలించలేదు.

నేలను కదిలించిన రాజకీయ వార్త వేరొకటి. 2023 చివర్లో అమెరికా కాంగ్రెస్‌లో ఉక్రెయిన్ సాయం బిల్లు ఇరుక్కుపోయింది. దక్షిణ సరిహద్దు వలసల గొడవతో, ఎన్నికల లెక్కలతో దాన్ని ముడిపెట్టారు. అక్కడ నెలలు గడుస్తుంటే ఉక్రెయిన్ ఫిరంగులకు గుండ్లు తగ్గిపోయాయి. 2024 ఫిబ్రవరి 17న దొన్బాస్‌లోని అవ్దివ్‌కా పట్నం నుంచి ఉక్రెయిన్ వెనక్కి తగ్గింది. బిల్లు ఏప్రిల్‌లో గట్టెక్కింది. వాషింగ్టన్‌లో ఓటు ఎప్పుడు జరుగుతుందో చూసినవాళ్లకు దొన్బాస్ మ్యాపు ముందుగా అర్థమైంది. చాలామంది ఇలాంటి వార్తను విదేశీ రాజకీయాల పేజీలో వదిలేసి, పేలుళ్ల వీడియోలు చూస్తారు. ఏది ముఖ్యమో తేల్చుకోవడంలో జరిగే అతి పెద్ద పొరపాటు ఇదే.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. 2022 సెప్టెంబరు 30న రష్యా నాలుగు ఉక్రెయిన్ ప్రాంతాలను తనలో కలిపేసుకున్నట్టు ప్రకటించింది. ఒక్కటి కూడా పూర్తిగా దాని చేతిలో లేదు. ఆరు వారాలకే వాటిలో ఒకదాని ముఖ్య పట్టణమైన ఖెర్సోన్ పోయింది. ప్రకటన మ్యాపును మార్చలేదు. కానీ తర్వాత వచ్చిన ప్రతి శాంతి చర్చలోనూ ఆ ప్రకటనే మొండిగా అడ్డం పడింది.

మన కిరాణా కొట్టు, మన పిల్లలు

యుద్ధం మొదలైన నెలలో పాలమూరు, నల్లగొండ ఇళ్లలో వార్తలు వేరే కారణంతో విన్నవాళ్లున్నారు. మెడిసిన్ చదవడానికి ఉక్రెయిన్ వెళ్లిన పిల్లల తల్లిదండ్రులు. వాళ్లకు కీవ్ ఎవరిదన్నది కాదు ప్రశ్న. ఏ రైలు నడుస్తోంది, ఏ సరిహద్దు తెరిచి ఉంది, బంకర్‌లో ఫోన్ ఛార్జింగ్ ఎంతుంది. మార్చి 1న ఖార్కివ్‌లో కర్ణాటక విద్యార్థి ఒకరు చనిపోయారు. మర్నాడు భారత రాయబార కార్యాలయం, సాయంత్రం ఆరులోగా నడిచైనా సరే ఖార్కివ్ వదిలి పిసోచిన్, బాబాయి, బెజ్లుదివ్‌కా చేరమని ప్రకటన ఇచ్చింది. యుద్ధంలో ఆ రోజు వచ్చిన అన్ని విశ్లేషణల కంటే ఆ రెండు వాక్యాల ప్రకటనలో సమాచారం ఎక్కువ. ఒక ప్రభుత్వం తన పౌరులను ఏ ఊరి నుంచి, ఏ గంటలోగా, ఎటు కదలమంటోందో చూస్తే, దానికి లోపల తెలిసింది ఏమిటో కొంత బయటపడుతుంది. భారత ప్రభుత్వం తన పౌరులను వెనక్కి తెచ్చిన ఆపరేషన్ గంగ కింద మార్చి రెండో వారానికల్లా విద్యార్థులు చాలావరకు ఇల్లు చేరారు.

తర్వాత వంతు మంచినూనెది. భారత్ తెచ్చుకునే సన్‌ఫ్లవర్ నూనెలో సింహభాగం అప్పట్లో ఉక్రెయిన్‌ది, ఆ తర్వాతి వాటా రష్యాది. ఉక్రెయిన్‌లోని ఒదేసా రేవు మూతపడగానే ఇక్కడ లీటరు ప్యాకెట్ రెండు వందల దాకా ఎగబాకింది. జులై 22న ఇస్తాంబుల్‌లో ధాన్యం ఓడలకు దారి ఇచ్చే ఒప్పందం కుదిరింది. ఏడాది నిండే లోపే, 2023 జులై 17న, రష్యా అందులోంచి తప్పుకుంది. ఆగిపోతాయనుకున్న ఓడలు ఆగలేదు. రష్యా నౌకాదళాన్ని అప్పటికే ఒడ్డు నుంచి దూరంగా తరిమేశారు కాబట్టి ఉక్రెయిన్ తనంతట తాను కొత్త దారి తెరుచుకుంది. మస్క్వా మునిగిన వార్తకూ వంటింటికీ ఉన్న బంధం అది. ఎరువులదీ ఇదే తీరు. డీఏపీ బస్తా రైతుకు 1,350 రూపాయలకే అందేలా 2022 ఏప్రిల్‌లో కేంద్రం బస్తాకు 2,501 రూపాయల సబ్సిడీ పెట్టాల్సి వచ్చింది. మిర్యాలగూడ ఆయకట్టులో వరి వేసే రైతుకు ఆ యుద్ధం ధర కనబడలేదు, ఖజానాకు కనబడింది.

2024లో ఇంకో రకంగా యుద్ధం ఇక్కడికి వచ్చింది. సెక్యూరిటీ, హెల్పర్ ఉద్యోగాలని చెప్పి ఏజెంట్లు రష్యా పంపిన నారాయణపేట, కలబురగి ప్రాంతాల యువకులు యుద్ధరంగంలో తేలారు. హైదరాబాదు యువకుడు ఒకరు అక్కడే ప్రాణాలు పోగొట్టుకున్నారు. జులైలో ప్రధాని మాస్కో వెళ్లినప్పుడు ఈ విషయం ఎత్తాక, సెప్టెంబరులో కొందరు తిరిగి రాగలిగారు. వేల మైళ్ల దూరం నుంచి కూలికి మనుషులను తెచ్చుకుంటున్నారంటే, ఆ సైన్యానికి మనుషుల కొరత ఎంతుందో ఆ ఉద్యోగ ప్రకటనే చెబుతోంది. పేదరికం వల్లో, తెలియకో ఆ వలలో పడ్డ ఇళ్లకు ఆ సంగతి ముందే ఎవరైనా విడమరచి చెప్పి ఉండాల్సింది.

చనిపోయినవాళ్ల లెక్క

ఈ విషయంలో వేగంగా వచ్చే ఏ అంకెనూ నమ్మకూడదు. శత్రువు నష్టం రోజూ చెప్పే సైన్యాలు తమ నష్టం చెప్పవు. పౌరుల లెక్క మరీ ఆలస్యం. కీవ్ పక్కనున్న బుచా పట్నంలో ఏం జరిగిందో రష్యా సైన్యం వెళ్లిపోయాక ఏప్రిల్‌లో గానీ లోకానికి తెలియలేదు. నాలుగు వందలకు పైగా శవాలు దొరికాయి. రష్యా ముట్టడించి పట్టుకున్న రేవు నగరం మరియుపోల్‌లో ఎంతమంది పోయారో లెక్క తేలలేదు. 2024 ఆఖరుకు ఐక్యరాజ్యసమితి సరిచూసిన పౌర మరణాలు 12 వేలు దాటాయి. అసలు సంఖ్య ఇంతకంటే చాలా ఎక్కువని ఆ సంస్థే ప్రతిసారీ చెబుతుంది.

హైదరాబాదు విషయంలో ఆ ఆలస్యం దశాబ్దాలు. సైనిక చర్య సమయంలో, ఆ తర్వాత జరిగిన హత్యల మీద పండిట్ సుందర్‌లాల్ కమిటీ ఊరూరా తిరిగి నివేదిక ఇచ్చింది. కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. చనిపోయినవాళ్లలో అత్యధికులు ముస్లింలు, ఎక్కువగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలవాళ్లు. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. ఐదు రోజుల్లో స్వల్ప నష్టంతో ముగిసిందన్న కథే పాఠ్యపుస్తకాల్లో నడిచింది. రజాకార్ల చేతిలో చచ్చిన పల్లెల గురించి మాట్లాడేవాళ్లు ఈ మరణాల గురించి మాట్లాడకపోవడం, వీటి గురించి మాట్లాడేవాళ్లు బైరాన్‌పల్లిని దాటేయడం ఇప్పటికీ సాగుతోంది. రెండూ జరిగాయి.

విరమణ వార్త వచ్చినప్పుడు

కాల్పుల విరమణ, ఒప్పందం, చర్చలు అన్న మాటలు వినగానే పోరు ముగిసిందనుకోవడం సహజం. 1947 నవంబరు 29న నిజాం, భారత ప్రభుత్వం ఏడాది పాటు ఉన్న సంబంధాలను ఉన్నట్టే ఉంచే యథాతథ ఒప్పందం చేసుకున్నాయి. సంతకాల సిరా ఆరకముందే ఫిర్యాదులు మొదలయ్యాయి. విమానాల్లో దొంగచాటుగా ఆయుధాలు తెప్పిస్తున్నారని ఢిల్లీ అంది, సరుకులు రాకుండా దిగ్బంధం చేస్తున్నారని హైదరాబాదు అంది. రజాకార్లను అదుపు చేసే పూచీ ఎవరిదో కాగితం మీద తేలలేదు. ఉల్లంఘన జరిగిందా లేదా అని చెప్పే మూడో మనిషి లేడు. తూర్పు ఉక్రెయిన్ మీద 2014, 2015లలో మిన్స్క్‌లో కుదిరిన ఒప్పందాలకు పరిశీలకులైతే ఉన్నారు. వాళ్లు ఉల్లంఘనలను రోజూ లెక్క రాసుకున్నారు, ఆపే అధికారం మాత్రం లేదు. ముందు ఎన్నికలా, ముందు సరిహద్దు అప్పగింతా అన్న వరుస మీదే అవి ఏళ్ల తరబడి నిలిచిపోయాయి.

అందుకే ఏ ఒప్పందం వార్త వచ్చినా వెతకాల్సినవి కొన్నే: ఎవరు ఏ తేదీకి ఏ గీత వెనక్కి పోవాలి, అది జరిగిందని ఎవరు చెబుతారు, జరగకపోతే ఏం చేస్తారు, సైన్యం లెక్కలో లేని తుపాకుల సంగతేమిటి. ఆఖరి ప్రశ్నే తరచుగా జారిపోతుంది. 1948 సెప్టెంబరు 17 సాయంత్రం రేడియోలో పోరు ముగిసింది. నల్లగొండ పల్లెల్లో ముగియలేదు. సైన్యం వెంట, పోలీసుల వెంట దొరలు గడీలకు తిరిగి వచ్చారు. పంచిన భూములు లాక్కున్నారు. నిజాం పోయాడు కాబట్టి ఆయుధాలు దించాలా, భూమి కోసం కొనసాగించాలా అన్నదాని మీద కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలి వాదించుకుంది. రావి నారాయణరెడ్డి లాంటివాళ్లు ఆపాలన్నారు, పార్టీ నాయకత్వం కొనసాగించింది. పోరాటాన్ని 1951 అక్టోబరు 21న విరమించారు. కొన్ని నెలలకు జరిగిన తొలి సాధారణ ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున నిలబడి, దేశంలో ఎవరికీ రానన్ని ఓట్లతో, నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లారు.